దయాల్‌బంద్ కంప్యూటర్ కేసు

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
అక్టోబరు 3

ఒరే భూషణం,

అందరం క్షేమం అని మొదలుపెడితే మొదటి వాక్యమే అబద్ధమవుతుంది. నేను క్షేమమే. రెండేళ్ళ క్రితం నువ్వు నీ చేతులతో బిగించి ఇచ్చిన కంప్యూటరు క్షేమంగా లేదు. సెప్టెంబరులో తొమ్మిది రోజులు ఇక్కడుండి బొబ్బిలి రైలెక్కావు కదా, ఆ తర్వాత నాలుగో రోజు నుంచి దానికి మూర్ఛ పట్టుకుంది. బాగానే నడుస్తుంటుంది, ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది. చెప్పదు, మూలగదు. పది నిమిషాలాగి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది, మీ బావ బతికున్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు లేచి కూర్చున్నట్టు.

ఫోను చెయ్యొచ్చు కదా అంది రజిని. ముప్ఫై నాలుగేళ్ళు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రెండు చెవులూ రైల్వేకి దానమిచ్చి వచ్చినవాడివి. ఫోనులో నేను అరిస్తే వీధంతా వింటుంది, నువ్వు తప్ప. పైగా ఉత్తరమైతే బల్ల మీద వదిలేసినా భయం లేదు. నా కొడుకు జయప్రకాష్ తెలుగు చదవాలంటే నిమిషానికి రెండక్షరాలు. కోడలు రజిని చదివింది హిందీ బడి. మనవరాలు ప్రత్యూషకి నా దస్తూరీ చూస్తే ముగ్గుల పుస్తకం గుర్తొస్తుందిట. వీళ్ళకి తెలుగు రాకపోవడంలో నాకున్న ఒకే ఒక్క సుఖం ఇది.

ఈ ఇంట్లో విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది. దోషిని నేను. "అత్తయ్యగారూ, మీరు ఏవో తెలుగు ఫాంట్లు దింపుతారు కదా, ఉసీ సే హోతా హై, దానివల్లే" అంది రజిని. "నువ్వు మీటలు గట్టిగా కొడుతున్నావేటో అమ్మా" అన్నాడు జయప్రకాష్. "నానమ్మా, ఆప్‌నే జరూర్ కుఛ్ క్లిక్ కర్ దియా" అంది పదహారేళ్ళ ప్రత్యూష. రైల్వే బళ్ళో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. రుజువు లేకుండా జవాబు రాసినవాడికి సున్నా వేసేదాన్ని. ఇక్కడ ముగ్గురికీ నూటికి నూరు.

కంప్యూటరులో నేను నడిపే ఆదివారం తెలుగు క్లాసు నీకు తెలుసు. పదకొండుమంది పిల్లలు. తాతలు బిలాస్‌పూర్‌లో దిగిన రైల్వేవాళ్ళు, తండ్రులు బదిలీల మీద నాగపూర్, రాయగఢ్, శహడోల్ చెదిరారు. ఒకడు మాత్రం ఇక్కడే కర్గీ రోడ్‌లో ఉన్నాడు. అందరూ తెలుగు మాట్లాడతారు, ఎవరూ చదవలేరు. ఈ కంప్యూటరు తెర మీద పదకొండు పలకలూ ఒకేసారి కనిపిస్తాయి. ఫోనులో ఒక్కో పలక పోస్టు బిళ్ళంత. మొన్న గుణింతం మధ్యలో తెర చచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారని ఒక తల్లి ఆనందంగా చెప్పింది. ఇలా నాలుగు వారాలు నడిస్తే క్లాసు ఉండదు.

జయప్రకాష్ గడువు కూడా పెట్టాడు. జనవరి ఒకటికల్లా బాగుపడకపోతే పాత సామాన్లు కొనే కబాడీవాడికి వేసేస్తాడట.

నాకు రెండు కావాలి. కంప్యూటరు బతకాలి. దాన్ని నేను చంపలేదని తేలాలి. రెండోది ముందు తేలినా నాకు అభ్యంతరం లేదు.

నీ అప్ప,
కనకం

బొబ్బిలి
అక్టోబరు 10

అప్పకి నమస్కారాలు.

నేను బిగించిన మెషీను ఫెయిలవడమేటి? ఒక్కో మరా మూడుసార్లు చూసి బిగించాను. షెడ్డులో నా చెయ్యి పడ్డ ఇంజను దారిలో నిలబడ్డ రోజు లేదు. నీకు తెలుసు, బిలాస్‌పూర్ నుంచి కట్నీ దాకా డ్రైవర్లందరికీ తెలుసు.

ముందుగా లాగ్ బుక్కు పెట్టు. షెడ్డుకి ఇంజను వస్తే డ్రైవరు రాసిన పుస్తకం చూడనిదే మేము పాన పట్టుకునేవాళ్ళం కాదు. ఏ తారీఖు, ఎన్ని గంటలకి, ఎవరు కూర్చున్నారు, ఏటి నడుస్తోంది, అన్నీ రాయాలి. రెండోది, మీ వీధిలో కరెంటు ఎగుడుదిగుడు. స్టెబిలైజరు పెట్టించు. మూడోది, గోడ సాకెట్టుకి ఎర్తు ఉందో లేదో చూపించు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. డబ్బా మూత మాత్రం తీయకు. లోపలిది సున్నితమైన సామాను, మన ఒంట్లో కరెంటు తగిలినా పోతుంది. ఆ వీధి మెకానిక్కుల్ని అసలు చెయ్యి పెట్టనివ్వకు.

నీ తమ్ముడు,
నాగభూషణం

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
అక్టోబరు 21

చిరంజీవి భూషణానికి,

నీ ఉత్తరంలో సగం నీ గొప్ప, పావు నీ షెడ్డు గొప్ప. మిగిలిన పావూ అమలు చేశాను.

స్టెబిలైజరు వచ్చింది. దాని మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, దాని కింద కంప్యూటరు చచ్చిపోతూనే ఉంటుంది. ఎర్తు చూడడానికి వచ్చిన కరెంటు మనిషి గోడకి నాలుగు బెజ్జాలు పెట్టి, "మాతాజీ, ఎర్తు ఫస్ట్ క్లాస్" అని వెళ్ళిపోయాడు. గోడ ఇప్పుడు మీ బొబ్బిలి చెరుకు లారీల రోడ్డులా ఉంది.

లాగ్ బుక్కు రాశాను. ఇది మాత్రం నీ బుర్రలోంచి వచ్చిన మంచి ఆలోచన, ఒప్పుకుంటున్నాను. అయిదు రోజుల్లో ఇరవై మూడుసార్లు ఆగింది. నేను కూర్చున్నప్పుడు ఏడు. రజిని సీరియల్ చూస్తుండగా ఎనిమిది. జయప్రకాష్ బొగ్గు ఆఫీసు కాగితాలు చేసుకుంటున్నానని చెప్పి క్రికెట్టు చూస్తుండగా ఆరు. ఎవరూ లేకుండా, ఏ తెలుగు అక్షరమూ ముట్టుకోకుండా, దానంతటది రెండు. ఈ పట్టిక వంటింటి తలుపుకి అంటించాను. "అత్తయ్యగారూ, మీరు దింపిన ఫాంటు లోపలే ఉంటుంది కదా, మేం కూర్చున్నప్పుడు కూడా పనిచేస్తుంది" అంది రజిని. ఈ పిల్ల బ్యాంకులో ఎందుకుంది, కోర్టులో ఉండాల్సింది.

ఇంకొకటి గమనించాను. ఆగేముందు ఒక్కోసారి డబ్బాలో టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది. అప్పుడు బల్ల మీద గట్టిగా చరిస్తే చప్పుడు పోతుంది, కంప్యూటరు ఆగదు. ఇది ఫాంటు చేసే పనేనా?

క్లాసులో ఎనిమిదిమంది మిగిలారు. ముగ్గురికి ఆదివారాలు హఠాత్తుగా డ్రాయింగు క్లాసు పుట్టింది.

కనకం

బొబ్బిలి
అక్టోబరు 29

అప్పా,

ఉత్తరం అందింది. విండోస్ మొత్తం తుడిచేసి మళ్ళీ వేయించు. మానిటరు కేబులు మార్చు. టిక్కు టిక్కు గురించి పట్టించుకోకు, మెషీను వయసు మీద పడితే అలాగే అంటుంది.

మూత తీయలేదు కదా? తీయకు.

ఇక్కడ వానలు. మోకాలు నొప్పి.

నాగభూషణం

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
నవంబరు 11

భూషణం,

విండోస్ తుడిచి మళ్ళీ వేశారు. ప్రత్యూష రెండు సాయంత్రాలు కూర్చుంది, నేను పక్కన కూర్చుని ఎలా చేస్తోందో చూశాను. కొత్త విండోస్‌లో నా ఫాంటు ఒక్కటి కూడా లేదు. తుడిచిన పలకంత శుభ్రంగా ఉంది. నలభై నిమిషాలు నడిచి ఆగిపోయింది. నేను రజిని వైపు చూశాను. రజిని ఫోను వైపు చూసింది. ఆ సాయంత్రం తెర అంచున ఒక కాగితం వెలిసింది, హిందీలో: 'మమ్మీజీ, రోజుకు ఒక గంట మాత్రమే.' నా ఇంట్లో నాకు రేషను.

నిన్న క్లాసులో మూడుసార్లు ఆగింది. నలుగురు మిగిలారు. నాగపూర్ పిల్ల తల్లి, "ఆంటీ, మీ వయసులో ఇంత కష్టపడకండి" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నీ సంగతి. మామూలుగా మోకాలు నొప్పికే రెండు పేజీలు రాసేవాడివి, ఎనిమిది వాక్యాలు రాశావు. అందులో మూత ఊసు ఒకటి. పోయిన ఉత్తరంలోనూ అదే. నువ్వు షెడ్డులో ఉండగా నీ మీద జనం చెప్పుకునే మాట నేను మరిచిపోలేదు. నాగభూషణం ముందు మూత తీస్తాడు, తర్వాత నమస్కారం పెడతాడు అనేవారు. పెళ్ళిచూపులకి వెళ్ళి వాళ్ళింటి కుట్టుమిషను మూత తీసినవాడివి నువ్వు. అలాంటివాడు రోగి కడుపులో చప్పుడొస్తోందంటే, కడుపు చూడొద్దు, దుప్పటి మార్చండి అంటున్నాడు.

ఇరవై నాలుగో తారీఖు ఆదివారం. ఆ రోజు మూత తీస్తున్నాను. ఏం చెప్పదల్చుకున్నా ఈలోపు చెప్పు.

కనకం

బొబ్బిలి (కార్డు)
నవంబరు 17

అప్పా, ఆగు. జనవరి మొదట్లో నేనే వస్తాను. నేనొచ్చి చూస్తాను. జయప్రకాష్‌ని నాలుగు రోజులు గడువు పెంచమను. అంతవరకూ మూత తీయకు, నీకు దండం పెడతాను. — భూషణం

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
నవంబరు 25

శ్రీ నాగభూషణం గారికి,

కార్డు శనివారం అందింది. ఆదివారం మూత తీశాను.

ఇంట్లో వాళ్ళు ముగ్గురూ పెళ్ళికి వెళ్ళారు. ప్లగ్గు పీకి, గాజులు తీసి పక్కన పెట్టి, మరలు విప్పాను. రైలు చక్రానికి బిగించినట్టు బిగించారెవరో. అరగంట పట్టింది.

లోపల నాకు కనిపించినవి రాస్తున్నాను. ప్రాసెసరు మీద ఉన్న చిన్న ఫ్యానుకి నడినెత్తిన కుంకుమ బొట్టు. మెమరీ పట్టీలు రెండింటికీ పసుపు, దాని మీద మళ్ళీ బొట్లు. పవర్ సప్లై డబ్బాకి మూడు వేళ్ళతో గంధం. అడుగున ఎండిపోయిన బంతిరేకులు. ఫ్యాను రెక్కల మధ్య, దాని కింది అల్యూమినియం పలకల సందుల్లో, అక్షింతలు. ఏరి లెక్కపెట్టాను. ఇరవై ఆరు గింజలు.

గింజ రెక్కకి అడ్డం పడితే ఫ్యాను ఆగుతుంది. ఫ్యాను ఆగితే ప్రాసెసరు కాగిపోయి తనను తాను ఆర్పేసుకుంటుంది. చల్లారాక గింజ పక్కకి జారితే మళ్ళీ నడుస్తుంది. టిక్కు టిక్కుమన్నది ఆ గింజే. బల్ల చరిస్తే కదిలిందీ ఆ గింజే. రెండు నెలలుగా నా ఫాంట్లకి పడుతున్న తిట్లన్నీ పసుపు బియ్యానికి పడాల్సినవి.

ఎవరు వేశారన్నది లెక్క. రజిని పూజలు చేస్తుంది గానీ దానికి స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. నేను దీపం పెట్టి పదిహేనేళ్ళయింది. మిగిలిన ఇద్దరికీ అక్షింతలంటే పెళ్ళిలో తలమీద పడే చెత్త. సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ, షెడ్డుల్లో మెషీన్లకి బొట్టు పెట్టే రోజు. ఆ రోజు నేను పొద్దున్నే లింగియాడీహ్‌లో అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్ళాను, మీరు షెడ్డు పూజకి వెళ్ళారు. సాయంత్రం వచ్చేసరికి మీరు ఇంట్లో ఉన్నారు. షెడ్డులో మీ చేతే కొబ్బరికాయ కొట్టించారనీ కండువా కప్పారనీ చెప్పారు. మేమందరం సంతోషించాం.

షెడ్డులో అంత పూజ జరిపి వచ్చిన మనిషికి ఇంటికొచ్చి ఇంకో పూజ ఎందుకు కావలసివచ్చిందో నాకు అర్థం కాలేదు. అది అర్థం కాకపోయినా బతకగలను. కానీ నా పిల్లలు పదకొండు నుంచి నలుగురయ్యేదాకా, నా ఇంట్లో నేను గంట రేషను మీద కూర్చునేదాకా, మీరు స్టెబిలైజరు గురించి రాస్తూ కూర్చున్నారు. అది మాత్రం మింగుడుపడలేదు.

ఇంట్లో వాళ్ళకి ఇంకా చెప్పలేదు. ఏం దొరికిందని అడిగితే విచారణలో ఉందన్నాను. గింజలు పొట్లం కట్టి దాచాను.

ఇట్లు,
కనకం

బొబ్బిలి
డిసెంబరు 2

అప్పా,

'గారు' అని రాశావు చూడు, అక్కడే సగం చచ్చాను.

షెడ్డుకి వెళ్ళిన మాట నిజం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో కొబ్బరికాయ, పూలు, పసుపు కుంకుమ, అక్షింతలు పెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు గేటు అందరికీ తెరిచే ఉంటుంది కదా, ఎవరూ ఆపలేదు. కుర్రాళ్ళు పెళ్ళాం బిడ్డలతో వచ్చి ఇంజన్ల ముందు ఫోటోలు దిగుతున్నారు. బాగా చేశారు పూజ, వంక పెట్టడానికి లేదు. నాకు తెలిసిన మొహం ఒక్కటి లేదు. నేను దిగిపోయేసరికి వీళ్ళు బళ్ళో ఉండుంటారు, తప్పు వాళ్ళదేటి? ఒకబ్బాయి చాలా మర్యాదగా కుర్చీ వేసి, "అంకుల్, ఆప్ కిస్‌కే సాథ్ ఆయే హైఁ?" అనడిగాడు. చెవిలో మిషను ఎప్పుడూ గీపెట్టేది, ఆ రోజే శుభ్రంగా వినిపించింది. ఎవరితో వచ్చానని చెప్పను? బూందీ పొట్లం చేతిలో పెట్టాడు. తీసుకుని వచ్చేశాను. కొబ్బరికాయ సంచిలోనే ఉండిపోయింది. కండువా అబద్ధం.

ఇంటికొస్తే ఎవరూ లేరు. ఆ ఊళ్ళో నా చేత్తో బిగించిన మెషీను అదొక్కటే మిగిలింది. పైరేకుకి బొట్టు పెట్టి వదిలేయడం మా పద్ధతి కాదు. పనిచేసే భాగానికి పెట్టాలి. మూత తీశాను. కాయ పెరట్లో కొట్టాను. అక్షింతలు వేశాక, అయ్యో అనిపించి కనబడినవి ఏరేశాను. మిగతావి కనబడలేదు, కళ్ళజోడు సంచిలో ఉండిపోయింది.

నీ మొదటి ఉత్తరం చదవగానే రోగమేటో తెలిసిపోయింది. ఫిట్టరు నాగభూషణం ఫ్యానులో బియ్యం పోశాడని నా చేత్తో నేను ఎలా రాసుకోను? జనవరిలో వచ్చి ఎవరూ చూడకుండా దులిపేద్దామనుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే తగ్గుతున్నారని నువ్వు రాస్తుంటే అన్నం సయించేది కాదు, అయినా కలం కదల్లేదు.

ఇంట్లో అందరికీ చెప్పెయ్యి. తప్పు నాదే.

నీ తమ్ముడు,
భూషణం

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
డిసెంబరు 10

ఒరే భూషణం,

'గారు' తీసేశాను, అన్నం తిను.

పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టినట్టు ప్రాసెసరుకి అక్షింతలు చల్లడమేమిట్రా? మెమరీ పట్టీలకి పసుపు రాశావు, పారాణి ఎందుకు వదిలేశావు? పాత టూత్‌బ్రష్‌తో కుంకుమంతా దులిపాను. పట్టీల అంచులు పెన్సిలు రబ్బరుతో రుద్దాను. పదహారు రోజులైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. క్లాసులో ఎనిమిదిమంది. డ్రాయింగు మీద మోజు తగ్గిందిట.

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనాల దగ్గర పొట్లం విప్పి గింజలు బల్ల మీద పోశాను. ఇదీ రోగం అన్నాను. ఎవరు వేశారన్నాడు జయప్రకాష్. రెండు నెలలుగా ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను. ముగ్గురి మొహాలూ ఎలా మాడిపోతాయో పడుకునే ముందు ఊహించుకునేదాన్ని.

నేనే వేశానన్నాను.

నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నీ పేరు చెబితే ఆ కుర్చీ సంగతి చెప్పాలి, ఆ బూందీ పొట్లం సంగతి చెప్పాలి. రజిని 'అయ్యో పాపం' అంటుంది. నిన్ను ఇంకొకరు పాపం అనడం నేను వినలేను. చిన్నప్పటినుంచీ నిన్ను అనడానికి నేనున్నాను.

ఇక చూడు. అత్తయ్య దేవుడి గది గడప తొక్కదని పదిహేనేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న కోడలు, అదే అత్తయ్య కంప్యూటరుకి బొట్టు పెట్టిందంటే అరక్షణంలో నమ్మింది. "మైఁ తో పహలే సే కహ్ రహీ థీ" అంది, తను ముందునుంచీ చెబుతూనే ఉందిట. ప్రత్యూషకి నవ్వి నవ్వి పొలమారింది. "ఏటమ్మా ఇది, అంత చదువుకున్నదానివి!" అన్నాడు జయప్రకాష్. ఆ మాట నీకు తగలాల్సింది. నేను కాచుకున్నాను. నొప్పి లేదని చెప్పను.

ఈ కేసులో నువ్వు చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఉండడం. రెండు నెలలు బ్రహ్మాండంగా చేశావు, ఇంకొన్నాళ్ళు చెయ్యి.

నీ అప్ప,
కనకం

బొబ్బిలి
డిసెంబరు 17

అప్పా, ఏటి పని చేశావు!

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు చెప్పడానికి మొహమాటపడతావని, నేనే పన్నెండో తారీఖున జయప్రకాష్‌కి హిందీలో రాసి పోస్టు చేసేశాను. పూజ చేసింది నేను, అక్షింతలు వేసింది నేను, మీ అమ్మకి ఏ పాపమూ తెలీదు అని. షెడ్డు సంగతి రాయలేదు. ఈపాటికి చేరిపోయుంటుంది.

నువ్వు చెప్పినదేటి, నేను రాసినదేటి! ఇప్పుడేటి చేద్దాం?

భూషణం

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
డిసెంబరు 24

ఒరే మహాత్మా,

చేయడానికేమీ మిగల్లేదు. నీ ఉత్తరం వచ్చింది. జయప్రకాష్ హాల్లో నిలబడి పైకి చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూశావా అమ్మా మామయ్య మనసు! నువ్వు చేసిన పని తన నెత్తిన వేసుకుంటున్నాడు" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కూర్చున్నాను.

"ముప్ఫై నాలుగేళ్ళు షెడ్డులో చేసినాయన ఫ్యానులో బియ్యం పోస్తాడేటి? మనం నమ్ముతామనే అనుకున్నాడు పాపం" అన్నాడు నీ మేనల్లుడు.

ఇక ఊరుకోలేకపోయాను. నువ్వే ఒప్పుకున్నాక నేను దాచడమెందుకని, "నిజమేరా, వాడే చేశాడు" అన్నాను.

ప్రత్యూష కూడా ఫోను దించింది. "అత్తయ్యగారూ, ఆయన మీకోసం ఇంత చేస్తే, ఇప్పుడు నిజంగానే ఆయన మీదకి తోసేస్తారా?" అంది రజిని, నెమ్మదిగా, రోగితో మాట్లాడినట్టు.

సాక్ష్యం చూపిద్దామంటే నీ ఉత్తరాలన్నీ తెలుగులో ఉన్నాయి. ఈ ఇంట్లో వాటిని సాంతం చదవగలిగే మనిషిని నేనొక్కదాన్నే, నా మాట ఎవరూ నమ్మరు. కాబట్టి కేసు మూసేశారు. నేను పూజ చేశాను, నీ మీదకి తోశాను, నువ్వు దేవుడివి. రజిని ఫోనులో వాళ్ళమ్మకి చెప్పడం విన్నాను. శుక్రవారానికల్లా రాయ్‌పూర్ దాకా తెలిసిపోతుంది. నా బతుకులో ఒకే ఒక్కసారి గొప్పతనం చూపిద్దామనుకుంటే, మూడు రూపాయల హిందీ రాసి దాన్ని కూడా నువ్వే పట్టుకుపోయావు.

కంప్యూటరు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మామయ్య బిగించిన మెషీనుని కబాడీకి ఎలా వేస్తాం అన్నాడు జయప్రకాష్. నిన్న ఆదివారం కాకపోయినా సెలవులని క్లాసు పెట్టాను, పదిమంది వచ్చారు, ఆగకుండా గంటన్నర నడిచింది. తెర అంచున కాగితం రజినే పీకేసింది. దోషి మీద జాలి కాబోలు.

జనవరిలో ఎలాగూ వస్తానన్నావు, మానకు. నీ ఫోటో ఒకటి తీసుకురమ్మన్నాడు నీ మేనల్లుడు, కంప్యూటరు పక్కన పెడతాడట. పిల్లలు ఆయనెవరని అడుగుతారు. ఈ మెషీను బిగించినాయన అని చెబుతాను. ఎవరి తాలూకు అని అడిగితే నా తాలూకని చెబుతాను, ఇష్టం లేకపోయినా.

మరీ మంచివాడిలా కనబడని ఫోటో చూసి తీసుకురా. రజిని దానికి దండ వేస్తానంటోంది, బతికున్నవాడికి వేయకూడదని చెప్పి ఆపాను. రేకులు మళ్ళీ ఫ్యానులో పడితే ఈసారి కూడా నేనే అంటారు.

నీ అప్ప,
కనకం